నూకాలప్ప పెరటి ఆపిల్

మంచుపాలెం అంటుల పాక దినచర్య
గొడుగు వేసిన ముప్పై ఎనిమిదో ఏడు

మాఘ శుద్ధ పంచమి

పొద్దున్నే తొట్టి మీద కట్టిన మంచు పగలగొట్టి, వేరుమొక్కలకు గోరువెచ్చని నీళ్లు పోశాను. అంటుకత్తులు నూరాను. ఆపిల్ వరుగుల పిండి అడుగంటుతోంది, అందుకని పాకలో పనిచేసేవాళ్లకి ఇవాళ్టి నుంచి జావ పలచన. ఆ మాట నోటితో చెప్పడానికి మనసొప్పక గరిటెతోనే చెప్పాను. అందరికీ అర్థమైంది.

గొడుగు మీదివాళ్లకు: వచ్చే వారం కొమ్మల కత్తిరింపు ఉంది, మధ్యాహ్నం పూట మా కొండకి కాస్త ఎండ వదలండి. పోయిన వారం మేం అడిగిన ఎండ పక్క కొండ మీద పడింది. అక్కడ కొండమేకలు తప్ప ఎవరూ లేరు. ఎండకి అడ్డంగా ఆకాశంలో పరిచిన ఆ గొడుగు రెక్కలు తిప్పేవాళ్లలో మా ఆయన సత్యారావు కూడా ఉన్నాడు కాబట్టి ఇంతకంటే ఏమీ అనను. ఈ దినచర్య రోజూ లోయ ఆఫీసుకీ, అక్కడి నుంచి పైకీ వెళ్తుంది. పైనుంచి సొంత మాటలు పంపకూడదనీ, పని మాటలే పంపాలనీ రూలు. కింద నుంచి తిట్లు పంపకూడదని మాత్రం ఎక్కడా లేదు.

లోయ ఆఫీసు నుంచి తీగబండిలో తెగుళ్ల అధికారి జగన్నాథరాజు గారు దిగారు. చలికి ముక్కు ఎర్రగా కమిలిపోయి ఉంది. జావ ఇస్తే పలచనగా ఉందని చూసి కూడా ఏమీ అనకుండా తాగారు. అందుకు ఆయన మీద గౌరవం కలిగింది. ఆ తరవాత ఆయన చెప్పింది విన్నాక ఆ గౌరవాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

"వకుళ గారూ, మీ కుంకుమ తెగులుకు రెండిళ్లు కావాలండీ" అన్నారు. "ఆపిల్ ఆకు మీద మచ్చలు వేసి, వర్షాలు వెళ్లేనాటికి అక్కడి నుంచి జునిపర్ మీదికి ఎగిరిపోతుంది. జునిపర్ మీద బుడిపె కట్టుకుని కూర్చుంటుంది. మళ్లీ వానకి ఉబ్బి ఆపిల్ మీదికి వస్తుంది. ఆపిల్ నుంచి ఆపిల్‌కి అంటదు. రెండిళ్లలో ఒకటి పీకేస్తే దానికి దిక్కులేదు."

నేను అంటులు కట్టేదాన్ని, తెగుళ్ల చదువు నాది కాదు. అయినా ఆ రెండిళ్లూ కట్టించింది మేమేనని తెలిసింది. ఎందుకంటే మా ఊళ్లో ఏ పెళ్లి జరిగినా పెరట్లో జంట చెట్లు నాటాలి. సముద్రం పక్కన బతికిన రోజుల్లో మా తాతలు రావినీ వేపనీ పక్కపక్కన నాటి పెళ్లి చేసేవాళ్లట. కొండ ఎక్కేటప్పుడు ఆ మొక్కలూ మోసుకొచ్చారు. మొదటి చలికే రెండూ చచ్చాయి. ఆచారాన్ని మాత్రం చావనివ్వలేదు. ఇక్కడ ఏవి బతుకుతున్నాయా అని చూస్తే, గాలికి అడ్డంగా, గాలికట్టకని ఆఫీసువాళ్లు నాటిన సూదాకుల జునిపరూ, తిండికి నాటిన ఆపిలూ కనిపించాయి. జునిపర్ మొగుడు, ఆపిల్ పెళ్లాం. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నాటి, రెంటికీ కలిపి పసుపుదారం చుట్టి పెళ్లి చేస్తాం. దారం కట్టేది అంటుల పాక పెద్ద. ఇప్పుడు ఆ పెద్దని నేను.

ఇంకా ఉంది. నాలుగేళ్ల కిందట వైశాఖం వానకి జునిపర్ల మీద బుడిపెల్లోంచి జిలేబీ చుట్టల్లాంటి జిగురు పసుపుపచ్చగా వేలాడింది. మొగుడి చెట్టుకి పసుపు పూసిందని ఊరంతా పండగ చేసింది. మా అత్త పైడమ్మ అయితే ఆ జిగురు వేలితో తీసి మా ఆపిల్‌కి బొట్టు పెట్టింది. తెగులుకి పీట వేసి విస్తరి వడ్డించామన్నమాట.

రాజుగారి ఆర్డరు ఇది. వైశాఖం వానలకి ముందే ఊళ్లో జునిపర్లన్నీ కొట్టెయ్యాలి. ఇప్పటికి మూడు పంటలు పోయాయి. ఈసారి కూడా గిడ్డంగి నిండకపోతే మంచుపాలెం మూసేసి, ఇంటినొక కొండకి పంచేస్తారు.

మాఘ బహుళ విదియ

గిడ్డంగిలో ఊరంతా కూర్చున్నాం. ఖాళీ గిడ్డంగి కాబట్టి అందరూ పట్టారు.

రాజుగారు చెప్పవలసింది చెప్పారు. అందరూ ఒకేసారి మాట్లాడారు. అందరి నోటా ఒకే సంగతి, నూకాలప్ప మొదటి పెనిమిటి సంగతి. ముప్పై ఏళ్ల పైమాట. గాలివానకి ఆయన జునిపర్ వేళ్లతో సహా పడిపోయింది. ఆ వానలు వెళ్లకుండానే ఆయన కొండచరియ విరిగి మీద పడి పోయాడు. అప్పటి నుంచి మా ఊళ్లో జునిపర్ కాస్త వంగితే చాలు, గుంజలు పాతి నిలబెడతారు. అలాంటి ఊళ్లో నిలబడి రంపం మాట ఎత్తాలి.

"నా కొడుకు ఆకాశంలో ఏలాడుతన్నాడు. ఆడి సెట్టు మీద సెయ్యేసినోళ్ల సెయ్యి ఇరగ్గొట్టేత్తాను" అంది మా అత్త. ఆ చూపు నా మీదే ఉంది.

"అత్తా, చెట్టు పడ్డా పడకపోయినా ఆ చరియ కూలేదే" అన్నాను.

"కూలేదో నేదో నీకెలగ తెలుసే? నువ్వప్పటికి పుట్టినావేటి?"

పుట్టాను, కానీ అది వాదన కాదు. చివరికి రాజుగారు మెల్లగా, "చెట్లా, ఊరా, ఒకటే మిగులుతుందమ్మా" అన్నారు. సరే అన్నవాళ్లెవరూ లేరు, కాదన్నవాళ్లూ లేరు. మా ఊళ్లో దాన్నే ఒప్పుకోవడం అంటారు.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని రంపం వాళ్లు అడిగితే, వాలు చివరి నుంచి అని చెప్పాను. తీగబండి అక్కడే ఆగుతుంది, దుంగలు ఎక్కించడం తేలిక అని కారణం చెప్పాను. ఈ దినచర్య రాజుగారు ఎలాగూ చదువుతారు కాబట్టి ఇక్కడే రాసేస్తున్నాను. అది సాకు. మా ఇల్లు మూడో వీధిలో కుళాయి పక్కన, అంటే ఊరికి ఈ చివర. చెట్టుకీ మనిషికీ ముడి ఉందని నేను నమ్మను. నమ్మకపోయినా మా ఆయన చెట్టు అన్నిటికంటే ఆఖరున పడితే బాగుండునని ఉంది. భయంగా ఉంది, అంతే.

ఫాల్గుణ శుద్ధ తదియ

వాలు చివరి ఇల్లు నూకాలప్పది. రంపం వాళ్లతో నేనూ వెళ్లాను.

ఆవిడ ముందే సిద్ధంగా ఉంది. జునిపర్ మొదట్లో పీట వేసుకుని, మానుకి వీపు ఆనించి, ఒళ్లో చేట పెట్టుకుని చిక్కుడుకాయలు వలుస్తోంది. లోపల ఆవిడ రెండో పెనిమిటి సింహాద్రి బావ దగ్గుతున్నాడు. ఈ చలికాలం ఆయన ఛాతీ బొత్తిగా బాగాలేదు, మంచం దిగడం లేదు.

"కూకోండి, ఇవి ఒలిసేత్తాను" అంది నూకాలప్ప.

వలిచిన గింజలు మళ్లీ తొక్కల్లో కలిపి వలుస్తోందేమోనని అనుమానం వచ్చేంత సేపు అయింది. రంపం వాళ్లు నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను.

"అప్పా, లేవాలి" అన్నాను.

"ఒకసారి సెట్టు పడిపోనాది, మడిసి పోనాడు. నాను మళ్లీ మళ్లీ సూడనేను వకుళమ్మా. ఆయన పోయేదాకా ఆగండి. ఆయనెల్లిపోతే నానే కొట్టిత్తాను." ఏడవలేదు, గొంతు పెంచలేదు. తరవాత లేచి, "జావ తాగిరాండి, ఊరగాయేత్తాను" అని లోపలికి వెళ్లింది.

ఆ ఊరగాయ నోట్లో పెట్టుకున్నాక నా పళ్లు జివ్వుమన్నాయి. ఆపిల్ ఆవకాయే, కానీ ఎవరింటిదీ ఇంత పుల్లగా ఉండదు. ముక్క గట్టిగా ఉంది. అప్పుడు బుర్ర పనిచేసింది. మా అందరి జాడీలూ ఖాళీ అయి రెండేళ్లయింది, ఈవిడ జాడీ నిండుగా ఎలా ఉంది?

"ఈ కాయలెక్కడివప్పా?"

"మా సెట్టువే. ఎవులూ తినరు గదా, అందికని ఊరబెడతాను."

"ఈ ఏటి కాయలేనా?"

"మరేటి, నిరుటివి ఉంటాయా?"

అటక మీద బుట్టలు చూపించింది. చిన్నకాయలు, ఒక్కదాని మీదా మచ్చ లేదు. పెరట్లోకి పరిగెత్తాను. జునిపర్ నిండా బుడిపెలు, ఊళ్లో ఏ చెట్టుకీ లేనన్ని. దాని కొమ్మల కిందే ఆపిల్. ఆకు రాలిన కాలం కాబట్టి మోడుగా ఉంది, కానీ మా చెట్లలా ఈసురోమని లేదు. కొమ్మ కొసలు జానెడు జానెడు ఎదిగాయి, మొగ్గలు బలిసి ఉన్నాయి. చెట్టు కింద రాలిన ఆకు మెత్తగా పరుపులా ఉంది. మంచుకి తడిసిన నేల మీద మోకాళ్లేసి, భూతద్దం పెట్టి ఒక్కొక్క ఆకూ తిప్పి చూశాను. కుంకుమ బొట్టు ఒక్కటీ లేదు. ఆకు వెనకాల మీసాల్లా మొలిచే బొచ్చు లేదు. రంపం వాళ్లు నాకు మతి పోయిందనుకుని చెట్టు సంగతి మరిచి నన్నే చూస్తూ నిలబడ్డారు. మంచిదే అయింది.

ఆ చెట్టు అంటు కాదు. నూకాలప్పది రెండో పెళ్లి. మనిషికి ఒక్క జంటే ఇవ్వాలని అప్పటి పాక పెద్ద పట్టుబట్టి వీళ్లకి అంటు ఇవ్వలేదు, దారం కట్టలేదు. వీళ్లేం చేశారంటే, గాలికట్ట నుంచి జునిపర్ మొక్క ఒకటి పీక్కొచ్చుకుని, పెళ్లినాడు ఇద్దరూ కొరికిన ఆపిల్లో గింజ పక్కన పాతుకున్నారు. మా చెట్లన్నీ పంచదార రకం, ఒకే తల్లి కొమ్మ నుంచి కట్టిన అంటులు, కాబట్టి ఒకటి తట్టుకోలేని తెగులుని ఏదీ తట్టుకోలేదు. గింజ నుంచి వచ్చినదాని దారి దానిది. పులుపు వచ్చింది, ఊళ్లో నవ్వులాటగా మారింది. దాంతో పాటు ఇంకేం వచ్చిందో ఎవరూ చూడలేదు.

రంపం వాళ్లని వెనక్కి పంపేశాను. రాజుగారూ, రేపు మీరు అరుస్తారని తెలుసు. తీగబండి ఎక్కి వచ్చి అరవండి, జావ కాస్త చిక్కగా కాయిస్తాను.

ఫాల్గుణ శుద్ధ సప్తమి

వచ్చారు. అరవలేదు. నేను చెప్పింది మొత్తం విని, ఆకులు తనూ తిప్పి చూసి, చాలాసేపు బుడిపెల కింద నిలబడ్డారు.

"అదృష్టం కొద్దీ తప్పించుకున్న చెట్టేమోనండీ" అన్నారు.

"మూడేళ్లూ అదృష్టమేనా? మొగుడి ఒళ్లో కూర్చుని మరీ తప్పించుకుందా?"

"పరీక్ష చెయ్యాలి. పరీక్షకి వాన కావాలి, బుడిపెలున్న జునిపర్ కావాలి. అంటే చెట్లు కొట్టకుండా వానల దాకా ఆగమంటున్నారు. మీ మాట తప్పయితే ఈ పంట కూడా పోతుంది. ఊరు పోతుంది."

నాకూ అదే భయం. అందుకని ఆలోచించి ఉంచిన మాట చెప్పాను. చెట్లు ఉండనిచ్చి బుడిపెలు మాత్రం తీసేద్దాం. వానకి ముందే ప్రతి ఇంటివాళ్లూ తమ జునిపర్, పాకవాళ్లం గాలికట్టవి ఎక్కి, ప్రతి బుడిపెనీ గిల్లి పొయ్యిలో వెయ్యాలి. ఒక్క నూకాలప్ప చెట్టు మాత్రం పరీక్ష కోసం అలాగే ఉంచాలి.

"అన్నీ తియ్యగలరా? ఒక్క చెట్టుకే వందలుంటాయి."

"మొగుడి ప్రాణం ఉందనుకుంటున్న చెట్టండీ. పేలు దువ్వినట్టు తీస్తారు."

ఆయన నవ్వారు. తరవాత మొహం గంభీరంగా పెట్టి, ఈ వానలు దాటేదాకా ఆర్డరు ఆపుతాననీ, తప్పయితే మొదటి దెబ్బ నేనే వెయ్యాలనీ అన్నారు. సరే అన్నాను. బండి వెళ్లిపోయాక లెక్క చూసుకున్నాను. ఊరి కూడు మొత్తం ఒక పుల్లటి చెట్టు మీద పెట్టాను.

చైత్ర శుద్ధ నవమి

నూకాలప్ప చెట్టు నుంచి అంటుపుల్లలు కోసి తెచ్చి, కుండీల్లో వేరుమొక్కలకు కట్టి అద్దాల గదిలో పెట్టి మూడు వారాలైంది. అన్నీ చిగురు వేశాయి. పక్కన అన్నే పంచదార అంటులు, తేడా తెలియడానికి.

పుల్లలు అడగడానికి వెళ్లినప్పుడు నాకు మొహం చెల్లలేదు. మా పాక ఆవిడకి ఒక్క అంటు ఇవ్వలేదు, ఇప్పుడు అదే పాక చెయ్యి చాపింది. ఏదో ఒకటి అంటుందనుకున్నాను. "కోసుకో, దానికేటి" అంది. అంటే బాగుండునేమో.

ఊళ్లో బుడిపెల పని చూసి తీరాలి. నిచ్చెనలు చాలక మంచాలు నిలబెట్టి ఎక్కుతున్నారు. మా అత్త కింద నిలబడి చేతికర్రతో చూపిస్తుంటే నేను మా ఆయన చెట్టెక్కాను.

"ఆ కొమ్మ కింద ఒకటుంది."

"తీశానత్తా."

"దాని ఎనకాల ఇంకో సిన్నదుంది. నా కొడుకు నీకు అలుసైపోనాడు."

నాలుగేళ్ల కిందట ఆ జిగురుతో బొట్టు పెట్టింది ఎవరో గుర్తు చేద్దామనుకున్నాను. ఆవిడ చేతిలో కర్ర చూసి ఊరుకున్నాను.

వైశాఖ శుద్ధ దశమి

వాన మొదలైంది. నూకాలప్ప జునిపర్‌కి జిగురు చుట్టలు వేలాడుతున్నాయి. చూడ్డానికి ఇప్పటికీ అందంగానే ఉంది, అదే కోపం. కుండీలన్నీ మోసుకెళ్లి ఆ కొమ్మల కింద పెట్టాను. పులుపు ఒకటి, పంచదార ఒకటి, వరసగా.

గొడుగు మీదివాళ్లకు: మా కొండకి ఎండ వద్దు. వాన వెలిసినా వద్దు. ఆకు తడి ఆరకూడదు. నేను చెప్పేదాకా రెక్కలు మూసి ఉంచండి.

పైనుంచి జవాబు: రెక్కలు మూశాం. తిట్లు మీరే పడండి.

పడుతున్నాను. బట్టలు ఆరక, వడియాలు ఆరక ఊరు ఊరంతా పాక ముందు నుంచి వెళ్తూ గట్టిగా మాట్లాడుకుంటోంది. నాతో కాదు, నాకు వినపడేలా.

వైశాఖ బహుళ ఏకాదశి

పులుపు అంటుల ఆకుల మీద పసుపు చుక్కలు వచ్చాయి.

పంచదార మీద వచ్చాయి, వీటి మీదా వచ్చాయి. భూతద్దంతో చూశాను, లేకుండా చూశాను, వెలుతురులో పెట్టి చూశాను. చుక్కలే. నూకాలప్ప పెరటి గుమ్మంలోంచి "ఎలగున్నాయి?" అని అడిగింది. "చూస్తున్నానప్పా" అన్నాను. ఇంటికొచ్చాను. అన్నం సయించలేదు.

గొడ్డలి పాకలోనే ఉంది. మాట ఇచ్చాను కాబట్టి మొదటి దెబ్బ నాదే. ఇవాళ ఇంకేమీ రాయలేను.

జ్యేష్ఠ శుద్ధ పంచమి

రాజుగారిని రమ్మనడానికి ముందు ఆఖరుసారి చూద్దామని వెళ్లాను.

పంచదార ఆకుల మీద చుక్కలు పెసరగింజంత అయ్యాయి, నడిమి ఎర్రగా, అంచు పసుపుగా, అచ్చం మనకి తెలిసిన కుంకుమ బొట్టులా. పులుపు ఆకుల మీద చుక్కలు సూదిమొనంతే ఉన్నాయి. పెరగలేదు. కొన్ని గోధుమరంగుకి తిరిగి ఎండిపోయాయి. నమ్మబుద్ధి కాలేదు. సంబరపడితే ఏం జరుగుతుందో అని సంబరపడకుండా, రాజుగారికి కబురు చేశాను.

ఆయన వచ్చి, ఆకు పట్టుకుని చూసి, కుండీ పక్కనే తడి నేల మీద కూర్చున్నారు. ప్యాంటు పాడవుతుందని చెబుదామనుకునేలోపే కూర్చున్నారు.

"తెగులు లోపలికి దిగబోయిందండీ. ఆకు అక్కడికక్కడ తన ముక్క తానే చంపుకుని దాన్ని అడ్డుకుంది. ఈ చుక్కలు తెగులు కాదు, తెగులు చచ్చిన చోట్లు."

"ఖాయమేనా?"

"ఆషాఢం దాకా చూద్దాం. వెనక మీసాలు రాకపోతే ఖాయం."

జ్యేష్ఠ బహుళ ద్వాదశి, ఆషాఢం, మళ్లీ ఆషాఢం

మూడు సార్లు చూశాం. పంచదార వెనక మీసాలు మొలిచాయి. పులుపు వెనక నున్నగా ఉంది.

రాజుగారు ఆర్డరు రద్దు చేస్తున్నట్టు రాసి సంతకం పెట్టారు. నేను గొడ్డలి తీసుకెళ్లి కట్టెల గదిలో పెట్టి, ఆ గదిలోనే కూర్చుని కాసేపు ఏడ్చాను. ఇన్నాళ్లూ ఎంత బరువు మోశానో దించాక తెలిసింది. తరవాత నూకాలప్ప ఇంటికెళ్లి చెట్టు కొట్టరని చెప్పాను. ఆవిడ సరేనని తల ఊపి, లోపలికెళ్లి మొగుడి మంచం పక్కన నిలబడి, "సెట్టు ఉంటాదంట" అంది. ఆయన "మరి నాను కూడా ఉండాలేటి?" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. దగ్గు అడ్డం పడితే ఆగి మళ్లీ నవ్వారు.

ఆశ్వయుజ శుద్ధ విదియ

గిడ్డంగి నిండింది. కప్పు దాకా కాదు, కానీ చలికాలం దాటడానికి చాలు. బుడిపెలు గిల్లిన పుణ్యం. మచ్చలు అక్కడక్కడా ఉన్నాయి, చెట్లు మాత్రం ఆకు నిలుపుకున్నాయి. ఊరు కదలక్కర్లేదు. జావలో గరిటె నిలబడుతోంది.

కొత్త రకానికి ఆఫీసులో పేరు రాయించాలట. నూకాలు పులుపు అని రాయించాను. ఆవకాయకి దాన్ని మించింది లేదని మా అత్త నలుగురిలో తీర్పు చెప్పింది. ఒకప్పుడు ఆ కాయ ముట్టుకుంటే నోరు కడుక్కునేది.

నూకాలప్ప దగ్గరికెళ్లి, ఊరంతటికీ నీ చెట్టే కావాలి, నీకేం కావాలో అడుగప్పా అన్నాను. చాలాసేపు కొంగు మడతలు పెట్టుకుంది.

"మా సెట్లకి పెళ్లి సేయనేదు గదా" అంది. "దారం కట్టిత్తావేటి?"

ఇవాళ పొద్దున్న కట్టాను. సింహాద్రి బావ దుప్పటి కప్పుకుని, నడిచి, పెరట్లోకి వచ్చాడు. ముప్పై ఏళ్లలో మాను లావెక్కింది కాబట్టి దారం చాలలేదు, రెండు ఉండలు ముడేశాను. "పెళ్లికొడుకుని సేసినారు గానీ ఓ పంచైనా ఎట్టనేదు" అన్నాడాయన. నూకాలప్ప దారం మీద చెయ్యి వేసి, ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసింది.

మాఘ బహుళ షష్ఠి

ఇప్పుడు అసలు పని. పంచదార చెట్లన్నిటికీ తలలు తీసి, మొండి మీద నూకాలు పులుపు అంటు కట్టాలి. ఊరంతటినీ మళ్లీ గిడ్డంగిలో కూర్చోబెట్టి చెప్పాను. ఈసారి చోటు ఇరుకు.

ఒక్కరూ కాదనలేదు. కిందటేడు మొగుళ్ల చెట్లు కొట్టాలంటే ఊరు ఊరంతా గుండెలు బాదుకుంది. ఇప్పుడు పెళ్లాల చెట్లకి తలలు తీస్తామంటే మగాళ్లందరూ ఎప్పటి నుంచి మొదలుపెడదామని అడిగారు. ఆ సంగతి మొదట పట్టుకుంది మా అత్తే. "ఒక్కడికైనా పెళ్లానికేటవుద్దో అని నేదు, సూసినావా" అంది. ఆడవాళ్లందరం పడీ పడీ నవ్వాం. మగాళ్లు కాసేపు కాళ్ల వైపు చూసుకున్నారు, తరవాత వాళ్లూ నవ్వారు. నవ్వాను కానీ, ఇంటికొచ్చాక కొంచెం కష్టంగానే అనిపించింది. ఎందుకో రాయను.

ఈసారి సాకులు చెప్పలేదు. రేపు మా ఇంటి నుంచే మొదలు.

మాఘ బహుళ సప్తమి

పొద్దున్న రంపం పట్టుకుని మా ఆపిల్ దగ్గరికి వెళ్లబోతుంటే పాకలో పైనుంచి జవాబు వచ్చి ఉంది. నేను ఏమీ అడగకుండానే.

పైనుంచి: మూడో వీధి, కుళాయి పక్క ఇంటి ఆపిల్ తల తియ్యవద్దు. ఎండ కోణం చూసుకోవడానికి మాకు ఆ చెట్టే గుర్తు. చైత్రంలో డ్యూటీ దిగి స్వయంగా వచ్చి పరిశీలించేదాకా ముట్టుకోరాదు.

అంటుల పని చూడ్డానికి వచ్చి ఉన్న రాజుగారిని పిలిచి అడిగాను, అంత ఎత్తు నుంచి చెట్టు కనిపిస్తుందా అని. మా కొండే వాళ్లకి ఆవగింజంత ఉంటుందట. చెట్టు కనిపించే సమస్యే లేదట. ఆయన ఆ జవాబు ఇంకోసారి చదివి, తన పనేదో ఉన్నట్టు కిటికీ వైపు తిరిగారు.

అత్తకి చదివి వినిపించాను. "నా కొడుకేనే" అంది.

మా ఆపిల్ తల తీశాను. తెగులుకి మొహమాటాలు తెలియవు. మొండి మీద నూకాలు పులుపు అంటు కట్టి, మైనం పూసి, గుడ్డ చుట్టాను. జునిపర్ వైపున్న పాత కొమ్మ ఒక్కటి మాత్రం ఉంచాను.

గొడుగు మీదివాళ్లకు: గుర్తుకి ఒక కొమ్మ వదిలాను. ఈ వారం మాకు ఎండ అక్కర్లేదు, ఇంకెవరికైనా ఇవ్వండి. చైత్రంలో పరిశీలనకి వచ్చేవారికి ఆవకాయ జాడీ తీసి ఉంచాను. పుల్లగా ఉంటుంది, ముందే చెబుతున్నాను.